చార్లెస్ వీట్‌స్టోన్

సర్ చార్లెస్ వీట్‌స్టోన్ (1802 ఫిబ్రవరి 6 - 1875 అక్టోబరు 19) ప్రముఖ ఆంగ్ల భౌతికశాస్త్రవేత్త, పరికరాల రూపకర్త, లండనులోని కింగ్స్ కళాశాలలో ఆచార్యుడు. విద్యుత్ నిరోధాన్ని కొలిచే వీట్‌స్టోన్ బ్రిడ్జి వలన ఈయన పేరు విద్యార్థులందరికీ పరిచితము. కాని ఆ బ్రిడ్జిని మొదట కనుగొన్నది ఈయన కాదు. ఈయన స్వయంగా కనుగొన్న వాటిలో మిక్కిలి ముఖ్యమైనది స్టీరియోస్కోపు. రెండు కళ్ళకు అందే రెండు వేర్వేరు బొమ్మల నుండే వస్తువుల లోతు మనకు తెలుస్తున్నదని ఈయన దానితో నిరూపించాడు. నేటి త్రీడీ చలనచిత్రాల చిత్రీకరణకు, కూర్పుకు (ఎడిటింగు) ఆధారము ఈ సూత్రమే.

బాల్యము, వృత్తి

వీట్‌స్టోన్ ఇంగ్లండులో గ్లోస్టర్ పట్టణ సమీపాన ఉన్న బార్న్‌వుడ్‌లో జన్మించాడు. తండ్రి విలియం సంగీత వాద్యాల వ్యాపారి. 1806లో ఈ కుటుంబము లండనుకు తరలివెళ్ళగా, తండ్రి అక్కడ వేణువు నేర్పుతూ జీవనం సాగించాడు. చార్లెస్ 14 ఏళ్ళ వయసులో స్ట్రాండ్ వీధిలో ఉన్న పినతండ్రి వాద్యాల దుకాణంలో పని నేర్చుకొనుటకు చేరాడు. 1823లో పినతండ్రి మరణించిన తరువాత ఆ వ్యాపారాన్ని తమ్ముడు విలియంతో కలిసి నడిపాడు. ఈయన విశ్వవిద్యాలయంలో చదువుకోలేదు. శాస్త్ర పరిజ్ఞానమంతా పుస్తకాల ద్వారా, చేతిపని ద్వారా సంపాదించినదే.

1821లో ఈయన ఒక వింత వాద్యాన్ని ప్రదర్శించాడు. పైకప్పు నుండి వేలాడే ఆ వీణ ఎవరూ మీటకుండానే పలికేది. పై గదిలో వాయించే వాద్యాల ధ్వని ఒక కడ్డీ గుండా క్రిందికి ప్రయాణించి వీణను మ్రోగించడమే ఇందలి రహస్యము. 1829లో తిత్తి, రీడ్లు గల కన్సర్టీనా అనే చిన్న చేతి వాద్యాన్ని రూపొందించాడు.

ఆచార్య పదవి

1834లో వీట్‌స్టోన్ కింగ్స్ కళాశాలలో ప్రయోగాత్మక భౌతికశాస్త్ర ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. సభలో ప్రసంగించుటకు ఈయన చాలా జంకేవాడు. అందువలన ఈయన పరిశోధనలను పలుమార్లు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే వివరించాడు. అదే సంవత్సరం సుమారు 800 మీటర్ల తీగను, వేగంగా తిరిగే అద్దాన్ని ఉపయోగించి విద్యుత్ వేగాన్ని కొలిచాడు. వచ్చిన విలువ కాంతి వేగాన్ని మించినది కనుక అది సరికాదు. అయినను తిరిగే అద్దము పద్ధతి నిలిచింది. 1850లో ఫూకో ఆ పద్ధతినే కాంతి వేగ పరిశోధనకు వాడుకున్నాడు. 1836లో వీట్‌స్టోన్ రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు.

స్టీరియోస్కోపు

మన రెండు కళ్ళ మధ్య సుమారు 6.5 సెంటీమీటర్ల ఎడము ఉన్నది. అందువలన దగ్గరి వస్తువును రెండు కళ్ళు కొద్దిగా వేర్వేరు కోణాల నుండి చూస్తాయి. ఉదాహరణకు కంభం చెరువు కట్టపై నిలిచి, ఒక వేలిని ముఖానికి ఎదురుగా ఉంచి, ఒక్కొక్క కన్నే మూసి చూస్తే, దూరపు కొండల ముందు వేలు అటూ ఇటూ జరిగినట్లు కనిపిస్తుంది. వేలిని దూరంగా జరిపినకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. రెండు కళ్ళకు కనిపించే బొమ్మలు ఒకటి కావని పూర్వులకు తెలుసు. అయితే ఆ తేడాయే లోతును తెలుపుతుందని ప్రయోగపూర్వకంగా చూపినవాడు వీట్‌స్టోన్.

1838 జూన్‌లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో ఈయన తన పరికరాన్ని వర్ణించాడు. రెండు అద్దాలను ఒకదానికొకటి లంబంగా నిలిపి, వాటికి ఇరువైపులా రెండు బొమ్మలు ఉంచాడు. ఎడమ కన్ను ఎడమ అద్దంలోని బొమ్మను, కుడి కన్ను కుడి అద్దంలోని బొమ్మను మాత్రమే చూస్తాయి. మెదడు రెండింటినీ కలిపి ఒకే ఘనరూపంగా గ్రహిస్తుంది. అప్పటికి ఫొటోగ్రఫీ ఇంకా ప్రజలకు తెలియదు. అందుచేత ఈయన వాడినవి కేవలం గీతల బొమ్మలు. మార్కాపురం పలక మీద పిల్లలు గీసే ఘనము బొమ్మ వంటి వాటిని, ఎడమ కంటికి ఒకటి, కుడి కంటికి ఒకటి చొప్పున స్వల్ప భేదంతో గీశాడు. నీడలు, రంగులు లేని గీతలతోనే లోతు కనబడినందున, దానికి కారణము రెండు బొమ్మల మధ్య తేడాయేనని స్పష్టమైంది. ఈ కృషికి 1840లో రాయల్ పతకము లభించింది. 1852లో ఈ పత్రానికి రెండవ భాగాన్ని వెలువరించి, అందులో రెండు కళ్ళ బొమ్మలను తారుమారు చేసే పరికరాన్ని కూడా వివరించాడు. దానిలో ఎత్తు పల్లముగాను, పల్లము ఎత్తుగాను కనిపిస్తాయి.

బ్రూస్టర్‌తో వివాదము

స్కాట్లండు శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ 1849లో అద్దాలకు బదులు కటకాలు అమర్చిన చిన్న స్టీరియోస్కోపును ప్రకటించాడు. పారిస్‌లో తయారైన ఆ పెట్టె 1851లో లండను మహాప్రదర్శనలో విక్టోరియా రాణిని ఆకర్షించింది. తరువాత అది విస్తారంగా అమ్ముడుపోయింది. ప్రజలు స్టీరియోస్కోపును బ్రూస్టర్ పేరుతో చెప్పుకోసాగారు. బ్రూస్టర్ అంతటితో ఆగక వీట్‌స్టోన్ ప్రథముడు కాదని వాదించాడు. 1856లో ఇరువురి లేఖలు టైమ్స్ పత్రికలో వెలువడ్డాయి. అయితే 1833లోనే హెర్బర్ట్ మేయో తన శరీరధర్మశాస్త్ర గ్రంథంలో వీట్‌స్టోన్ కనుగొన్న విషయాన్ని ప్రస్తావించి ఉన్నాడు. కనుక ఈ విషయంలో ప్రథమ స్థానము వీట్‌స్టోన్‌దేనని చరిత్రకారులు అంగీకరిస్తారు.

టెలిగ్రాఫు

1837లో వీట్‌స్టోన్, విలియం కుక్ కలిసి విద్యుత్ టెలిగ్రాఫుకు పేటెంటు పొందారు. ఆ జూలైలో లండనులోని యూస్టన్, కామ్డెన్ టౌన్ మధ్య దానిని ప్రదర్శించారు. 1839లో పాడింగ్టన్ నుండి వెస్ట్ డ్రేటన్ వరకు సుమారు 21 కిలోమీటర్ల రైలు మార్గం వెంట అది పనిచేయసాగింది. 1845లో స్లౌ స్టేషను నుండి పంపిన తంతి వార్త వలన ఒక హంతకుడు రైలు దిగిన తరువాత పట్టుబడ్డాడు. దానితో ప్రజలకు ఈ సాధనంపై నమ్మకం కుదిరింది. టెలిగ్రాఫు ఘనత ఎవరిదన్న విషయమై భాగస్వాములు తగవుపడగా, 1841లో మధ్యవర్తులు ఆచరణలోకి తెచ్చిన కీర్తిని కుక్‌కు, శాస్త్రీయ కృషి కీర్తిని వీట్‌స్టోన్‌కు పంచి ఇచ్చారు.

బ్రిడ్జి, సంకేత లిపి

నాలుగు నిరోధాలతో కూడిన బ్రిడ్జి వలయాన్ని 1833లో శామ్యూల్ హంటర్ క్రిస్టీ వర్ణించాడు. వీట్‌స్టోన్ 1843 నాటి తన ఉపన్యాసంలో దాని ఉపయోగాలను విశదీకరించి, అది క్రిస్టీదేనని తెలిపాడు. అయినను లోకము దానికి వీట్‌స్టోన్ పేరునే స్థిరపరచింది. దీనికి విరుద్ధంగా 1854లో ఈయన కనిపెట్టిన సంకేత లిపి, దానిని ప్రచారం చేసిన మిత్రుడు లియాన్ ప్లేఫెయిర్ పేరుతో ప్రసిద్ధమైంది. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో మీటరు బ్రిడ్జితో నిరోధాన్ని కొలిచే విద్యార్థి వాడుతున్నది క్రిస్టీ వలయాన్నే. కళ్ళద్దాలు పెట్టుకొని త్రీడీ చిత్రము చూసేటప్పుడు మాత్రము అతడు నిజంగా వీట్‌స్టోన్ సొంత ఆవిష్కరణను అనుభవిస్తున్నాడు.

చివరి రోజులు

1847లో వీట్‌స్టోన్ ఎమ్మా వెస్ట్‌ను వివాహమాడాడు. 1868లో ప్రభుత్వము ఈయనను సర్ బిరుదుతో గౌరవించింది. 1875 అక్టోబరు 19న పారిస్‌లో అనారోగ్యంతో మరణించాడు. లండనులోని కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఈయన సమాధి ఉన్నది.

త్రీడీ చిత్రాల కూర్పులో వీట్‌స్టోన్ సూత్రము

త్రీడీ చలనచిత్రము వీట్‌స్టోన్ బొమ్మల జంటకు కదలిక వచ్చిన రూపము. 1980 దశకపు త్రీడీ చిత్రాలలో చాలావాటికి రెండు కళ్ళ బొమ్మలు ఒకే ఫిల్ముపై ఒకదాని క్రింద ఒకటి ఉండేవి. కనుక ఒక కత్తిరింపుతో రెండూ తెగేవి. డిజిటల్ విధానంలో ఎడమ, కుడి దృశ్యాలు తరచు వేరు వేరు ఫైళ్ళుగా ఉంటాయి. తెలుగులో 2013లో ఓం, 2015లో రుద్రమదేవి త్రీడీలో విడుదలయ్యాయి. ఇటువంటి చిత్రాలకు కూర్పు సాఫ్టువేరును ఎంచుకొనేటప్పుడు ఈ విషయాలను గమనించాలి.

మొదటిది, రెండు దృశ్యాలు ఎప్పుడూ జంటగా కత్తిరింపబడాలి. ఒక కంటి దృశ్యము ఒక్క ఫ్రేము వెనుకబడినా కదిలే వస్తువుల లోతు చెడిపోతుంది. రెండవది, ఒక బొమ్మను త్రిప్పుటకు, మార్చుటకు వీలుండాలి. సగం పారదర్శకమైన అద్దంతో రెండు కెమెరాలను అమర్చినపుడు ఒక కెమెరాకు చేరేది ప్రతిబింబము. వీట్‌స్టోన్ అద్దాలలో వలెనే అది తిరగబడి ఉంటుంది. ఎడమ కుడి పొరపాటున తారుమారైతే ఎత్తుపల్లాలు కూడా తారుమారవుతాయి. మూడవది, రెండు బొమ్మల మధ్య నిలువు తేడాను, రంగుల తేడాను సరిచేయగలగాలి. కళ్ళు ప్రక్కప్రక్కన ఉన్నందున మెదడుకు అలవాటైనది ముఖ్యంగా అడ్డపు తేడాయే.

నాల్గవది మిక్కిలి ముఖ్యమైనది. అడ్డపు తేడాను జరపడమే కాక, తెర వెడల్పును బట్టి కొలిచే వీలుండాలి. 1 మీటరు వెడల్పు గల టీవీపై 2 శాతం తేడా అంటే 2 సెంటీమీటర్లు. అదే చిత్రాన్ని 10 మీటర్ల సినిమా తెరపై వేస్తే అది 20 సెంటీమీటర్లు అవుతుంది. దూరపు వస్తువు యొక్క రెండు బొమ్మల ఎడము 6.5 సెంటీమీటర్లను మించితే చూసేవారి కళ్ళు బయటి వైపుకు విడివడవలసి వస్తుంది. ఇది కళ్ళకు అలవాటు లేని శ్రమ. తలనొప్పికి ఇదొక ముఖ్య కారణము.

వేగాస్ ప్రో 2010లో వచ్చిన 10వ సంచికలోను, ఎవిడ్ మీడియా కంపోజర్ 2011లో వచ్చిన 6వ సంచికలోను త్రీడీ కూర్పు సదుపాయాలను చేర్చుకున్నాయి. డావిన్సీ రిజాల్వ్‌లో ఈ సాధనాలు వెల చెల్లించే స్టూడియో సంచికలో ఉన్నాయి. ఉచితంగా లభించే బ్లెండర్ 2015 నాటి 2.75 సంచిక నుండి ఎడమ కుడి దృశ్యాలను జంటగా స్వీకరిస్తున్నది. 2024లో వచ్చిన ఫైనల్ కట్ ప్రో 11 ఐఫోనుతో తీసిన లోతు గల వీడియోలను కూర్చగలదు. మార్కాపురం, గిద్దలూరు వంటి ఊళ్ళలో రెండు కెమెరాలు, ఒక కంప్యూటరుతో చిన్న చిత్రము తీయదలచిన విద్యార్థి వీటిలో దేనిని ఎంచుకున్నా, పని మొదలుపెట్టే ముందు తన చిత్రము ఏ వెడల్పు తెరపై ప్రదర్శింపబడుతుందో నిర్ణయించుకోవాలి. తెర ఎంత పెద్దదైనా చూసేవారి కళ్ళ మధ్య ఎడము మారదు.