ద్రవపీడన సూత్రకారుడు బ్లేజ్ పాస్కల్

హిమాయత్‌నగర్, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీథులలో నేడు సంచరించే సైకిళ్లను పరికించినచో, వెడల్పైన టైర్లతో, చక్రం నడుమ మెరిసే ఉక్కు పళ్లెంతో కూడిన కొండసైకిళ్లు అక్కడక్కడ కానవస్తాయి. సెలవుదినాలలో వీటిపై వికారాబాదు సమీపాన గల అనంతగిరి కొండలకు వెళ్లి రావాలన్న ఉత్సాహం మన విద్యార్థులలోను ఉన్నది. సైకిలు కొనే ముందు వారు అడిగే ప్రశ్న ఒక్కటే: హైడ్రాలిక్ డిస్కు బ్రేకులలో మిక్కిలి బలమైనది ఏది? కొండ ఎక్కడానికి కాళ్ల సత్తువ చాలును. దిగేటప్పుడు మాత్రం బ్రేకే ప్రాణాధారం. కనుక ఈ ప్రశ్న చిన్నది కాదు. దీనికి సమాధానం సైకిలు దుకాణంలో వెదకడానికి ముందు, ఆ బ్రేకు గొట్టంలోని ద్రవం ఏ సూత్రాన్ని అనుసరించి పని చేస్తున్నదో ఆ సూత్రాన్ని లోకానికి అందించిన మహనీయుని జీవితాన్ని తెలుసుకొనుట మేలని మేము భావిస్తున్నాము.

బ్లేజ్ పాస్కల్ 1623 జూన్ 19న ఫ్రాన్సు దేశంలోని క్లెర్మాన్ పట్టణంలో జన్మించినాడు. తండ్రి ఎతియెన్ రాజోద్యోగి, గణితంలో నిష్ణాతుడు. మూడేండ్ల ప్రాయంలోనే పాస్కల్ తల్లిని కోల్పోయినాడు. 1631లో తండ్రి తన ముగ్గురు బిడ్డలతో పారిస్ నగరానికి తరలివచ్చి, కుమారుని ఏ పాఠశాలకు పంపక స్వయంగా విద్య గరపినాడు. భాషలు పూర్తిగా వంటబట్టిన పిమ్మటనే గణితం నేర్పవలెనన్నది ఆయన నియమం. అందుచేత గణిత గ్రంథాలు బాలుని కంట పడకుండ దాచినాడు. అయినను పన్నెండేండ్ల బాలుడు నేలపై బొగ్గుతో బొమ్మలు గీచుకొని, రేఖలకు వృత్తాలకు తనకు తోచిన పేర్లు పెట్టుకొని రేఖాగణితాన్ని తానే అల్లుకొనసాగినాడని అక్క గిల్బెర్త్ తన రచనలో తెలిపినది. అది చూచిన తండ్రి తన నియమాన్ని సడలించి యూక్లిడ్ గ్రంథాన్ని చేతికిచ్చినాడు. పదునారవ యేట, 1640లో, పాస్కల్ శాంకవ రేఖలపై వ్రాసిన చిన్న ప్రబంధం పెద్దలను ఆశ్చర్యపరచినది.

అప్పటికి తండ్రి రూఆన్ నగరంలో పన్నుల వసూలు అధికారి. రాత్రింబగళ్లు కూడికలతో తీసివేతలతో సతమతమవుతున్న తండ్రి శ్రమ తగ్గింపదలచి, పాస్కల్ 1642లో పండ్ల చక్రాలతో లెక్కలు కట్టే యంత్ర నిర్మాణానికి పూనుకొన్నాడు. మూడేండ్లు శ్రమించి, సుమారు ఏబది నమూనాలు చేయించి, ఎట్టకేలకు దానిని సాధించినాడు. చేతికి శ్రమ తగ్గించే సాధనాలపై ఆయనకు గల ఆసక్తి ఇక్కడనే వ్యక్తమవుతున్నది.

తరువాత ఆయన దృష్టి పాదరసం వైపు మరలినది. ఇటలీలో టోరిసెల్లి పాదరసపు గొట్టంతో చేసిన ప్రయోగాన్ని పాస్కల్ రూఆన్‌లో తిరిగి జరిపి, నీటితోను ద్రాక్షసారాయితోను నింపిన పొడవైన గాజు గొట్టాలతో విస్తరింపజేసినాడు. పాదరసాన్ని గొట్టంలో నిలబెట్టేది వెలుపలి గాలి బరువే అయినచో, కొండపైకి పోయిన కొలది ఆ పాదరసం మట్టం తగ్గవలెను. ఇది ఆయన తర్కం. పాస్కల్ అప్పుడు పారిస్‌లో అనారోగ్యంతో ఉన్నాడు. ఆయన కోరికపై బావ ఫ్లోరిన్ పెరియే 1648 సెప్టెంబరు 19న క్లెర్మాన్ సమీపాన గల పూయ్ ద దోమ్ పర్వతాన్ని అధిరోహించినాడు. శిఖరంపై పాదరసం ఎనిమిది సెంటీమీటర్లకు మించి దిగినది. కొండ క్రింద ఒక మనిషిని కాపలా ఉంచి చూడగా అక్కడి గొట్టంలో మట్టం మారలేదు. గాలికి బరువున్నదన్న సత్యం దీనితో దృఢపడినది.

గాలి నుండి ద్రవాల వైపు వచ్చినాడు పాస్కల్. ఈ మార్గంలో ఆయనే ప్రథముడు కాడు. ప్రాచీన గ్రీసులో ఆర్కిమిడీస్, మర్వ్ నగరంలో 1121లో మీజానుల్ హిక్మా అనే తులా గ్రంథాన్ని ముగించిన అల్ ఖాజినీ, 1586లో హాలెండు విద్వాంసుడు స్టెవిన్ ద్రవాల స్వభావాన్ని తరచి చూచినవారే. మూసిన పాత్రలోని ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం తరుగక అన్ని దిశలకు సమంగా వ్యాపిస్తుందని సుస్పష్టంగా నిరూపించిన ఘనత మాత్రం పాస్కల్‌దే. నీటితో నిండిన పాత్రకు రెండు రంధ్రాలుండి, ఒకటి రెండవదానికి నూరు రెట్లు పెద్దదైనచో, చిన్న పిస్టన్‌ను నొక్కే ఒక్క మనిషి పెద్ద పిస్టన్‌ను నొక్కే నూరుగురికి సరితూగుతాడని ఆయన విశదీకరించినాడు. అంతటితో ఆగలేదు. బలం నూరు రెట్లు పెరిగినచో కదలిక నూరవ వంతుకు తగ్గుతుందని కూడ గుర్తించినాడు. ద్రవం బలాన్ని సృష్టించదు. కదలికను తీసికొని బలాన్ని ఇస్తుంది. బ్రేకు కొనువారు మరువరాని మాట ఇదియే.

ఆయన శేషజీవితం అనారోగ్యంతోను ఆధ్యాత్మిక చింతనతోను గడచినది. 1651లో తండ్రి మరణించినాడు. మరుసటి యేడు చెల్లెలు జాక్లీన్ పోర్ రొయాల్ మఠంలో ప్రవేశించినది. 1654లో ఫెర్మాతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాల వలన సంభావ్యతా గణితానికి పునాది పడినది. అదే యేడు నవంబరు 23 రాత్రి కలిగిన దైవానుభూతిని ఒక కాగితంపై వ్రాసుకొని, దానిని అంగీ లోపలి అస్తరులో కుట్టుకొన్నాడు. ఆయన మరణానంతరమే అది బయటపడినది. 1658లో, దొర్లే చక్రపు అంచుమీది బిందువు గీచే వక్రరేఖపై గొప్ప పరిశోధన చేసినాడు. సైకిలు చక్రం నేటికీ ఆ రేఖనే గీస్తున్నది. 1662 మార్చిలో, అయిదు సూల స్వల్ప రుసుముతో నిర్ణీత మార్గాలలో నడిచే గుర్రపు బండ్లు ఆయన యోచన ఫలితంగా పారిస్‌లో ప్రారంభమైనవి. తన వంతు రాబడిని పేదల సహాయానికి వినియోగింపవలెనని ఆయన తలచినాడు. కాని 1662 ఆగస్టు 19న, ముప్పదితొమ్మిదవ యేట, కన్నుమూసినాడు. ద్రవాల గ్రంథం మరుసటి యేడు, 1663లో, ముద్రితమైనది.

బీజం మొలకెత్తడానికి నూట ముప్పదేండ్లు పట్టినది. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ద్రవచాలిత యంత్రానికి హక్కు పొందినాడు. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకు హైడ్రాలిక్ బ్రేకులతో వెలువడినది. సైకిలు వంతు ఇంకను తరువాత వచ్చినది. 1976లో కాలిఫోర్నియాలో కొందరు యువకులు పాత సైకిళ్లపై కొండ దిగే పందెం మొదలుపెట్టినారు. వెనుక చక్రపు నడుమ గల బ్రేకులు కాగిపోయి అందలి గ్రీజు ఆవిరి కాగా, ప్రతి దిగుడు తరువాత గ్రీజు మరల నింపవలసి వచ్చేది. అందుచేతనే ఆ పందేనికి రీప్యాక్ అను పేరు వచ్చినది. కొండ దిగుటలో ఎదురయ్యే శత్రువు వేడిమియే అని ఆ పేరే చాటుతున్నది.

ఇక మన విద్యార్థి ప్రశ్నకు వద్దాము. బ్రేకు పిడి వద్ద గల చిన్న పిస్టన్ వ్యాసం 10 మిల్లీమీటర్లు, చక్రపు పళ్లేనికి ఇరుప్రక్కల గల పిస్టన్‌ల వ్యాసం ఒక్కొక్కటి 22 మిల్లీమీటర్లు అనుకొందాము. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, చిన్న పిస్టన్‌పై పడిన బలం ఒక్కొక్క ప్యాడు వద్ద 4.84 రెట్లవుతుంది. కాని చిన్న పిస్టన్ 10 మిల్లీమీటర్లు జరిగినచో, ఆ ద్రవాన్ని రెండు పిస్టన్‌లు పంచుకొనవలసి ఉన్నందున, ఒక్కొక్క ప్యాడు సుమారు 1 మిల్లీమీటరే జరుగుతుంది. బలం కొరకు పిస్టన్‌లను ఇంకను పెంచినచో, పిడిని మరింత దూరం లాగవలసి వస్తుంది. పాస్కల్ చెప్పిన లావాదేవీ ఇదే.

పళ్లెం పరిమాణం రెండవ విషయం. 160, 180, 203 మిల్లీమీటర్ల పళ్లేలు వాడుకలో ఉన్నవి. ప్యాడు బలం మారకున్నను, 160కి బదులు 203 అమర్చినచో చక్రాన్ని నిలిపే శక్తి సుమారు 27 శాతం పెరుగుతుంది. వేడిని భరించే లోహమూ అధికమవుతుంది. అయితే సైకిలు ఫోర్కు ఎంత పళ్లేన్ని అనుమతిస్తుందో ముందుగా విచారించుకొనవలెను.

మూడవది ద్రవం. పాస్కల్ సూత్రం నిండిన పాత్రకే వర్తిస్తుంది. గొట్టంలో గాలి బుడగ చేరినచో అది నలిగి, పిడి మెత్తబడుతుంది. డాట్ 4 ద్రవం క్రొత్తగా ఉన్నపుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరుగదు. తేమను పీల్చుకొన్న పిమ్మట ఆ హద్దు 155కు దిగవచ్చును. ద్రవం మరిగి ఆవిరి పుట్టినచో, పిడి హ్యాండిలు దాకా వచ్చినను చక్రం ఆగదు. కొన్ని బ్రేకులు ఖనిజ నూనెతో పని చేస్తాయి. ఒకదానికి నిర్దేశించిన ద్రవాన్ని మరొకదానిలో పోసినచో రబ్బరు సీళ్లు చెడి బ్రేకు విఫలమవుతుంది.

నాలుగవది నేల. చక్రం బిగుసుకొని టైరు జారడం మొదలైన పిమ్మట బ్రేకుకు ఎంత బలమున్నను నిష్ప్రయోజనం. ముందు చక్రం హఠాత్తుగా నిలిచినచో మనిషి హ్యాండిలు మీదుగా పల్టీ కొట్టవచ్చును. కనుక నగరంలో తిరుగుతూ ఎపుడైన అనంతగిరికి పోయే సామాన్య దేహుడైన విద్యార్థికి రెండు పిస్టన్‌ల బ్రేకు, 160 లేక 180 పళ్లెం చాలునని మా అభిప్రాయం. దేహం బరువైనదై, దీర్ఘమైన దిగుళ్లు తరచుగా దిగువారికే నాలుగు పిస్టన్‌లు, 203 పళ్లెం అవసరం. ఒక్క వ్రేలితో నొక్కి వేగాన్ని కొంచెం కొంచెంగా తగ్గింపగలిగినదే మంచి బ్రేకు; డబ్బు మిగిలినచో దానిని ద్రవం మార్పించుటకు, అరిగిన ప్యాడ్లు మార్పించుటకు వినియోగింపవలెను.

1971లో పీడనానికి ప్రమాణంగా పాస్కల్ పేరునే అంతర్జాతీయ విజ్ఞాన లోకం స్వీకరించినది. మన నగరంలో 1917లో ఏర్పడిన ఉస్మానియా అనువాద సంస్థ ఉర్దూలోను, 1968లో స్థాపితమై హిమాయత్‌నగర్ నుండి పాఠ్యగ్రంథాలు వెలువరించిన తెలుగు అకాడమి తెలుగులోను విజ్ఞానశాస్త్రాన్ని విద్యార్థుల చెంతకు చేర్చినవి. ఉర్దూలో దబావ్ అన్నను, తెలుగులో పీడనం అన్నను ఆ సూత్రం ఒక్కటే. సైకిలెక్కే ప్రతి విద్యార్థియు బయలుదేరే ముందు బ్రేకు పిడిని ఒకసారి నొక్కి చూడవలెనని, అది మెత్తగా తోచిననాడు కొండ ప్రయాణం మానుకొనవలెనని మా మనవి. ఇందుకు అవసరమగు ద్రవం, పనిముట్లు కళాశాల సైకిలు నిలుపు స్థలం వద్ద ఉండేటట్లు పాలకవర్గం వారు ఏర్పాటు చేసినచో ఎందరో తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండగలరు.