కుమ్మరి పండితుడు బెర్నార్డ్ పాలిసీ

మట్టి యెల్లరకును లభించును, అగ్నియు నట్లే. కాని యీ రెంటి మైత్రివలన తెల్లని మెరుగుగల పాత్రను సాధించుటకై తన యింటిని, సుఖమును, లోకములోని గౌరవమును సైతము ఆవమునకు సమర్పించిన సాహసికుడు బెర్నార్డ్ పాలిసీ.

ఈతడు 1510 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు నైరుతి భాగమున జన్మించెను. లాటిను, గ్రీకు భాషలు నేర్వలేదు. గాజుపలకలపై చిత్రములు వ్రాయుట, భూములు కొలుచుట ఆతని వృత్తులు. పెక్కు ప్రాంతములు తిరిగి సాంత్ పట్టణమున స్థిరపడెను. అచ్చట నొకనాడు తెల్లని పూతతో మెరయు మట్టిగిన్నె యొకటి యాతని కంటబడెను. అట్టిదానిని తానును చేయవలెనను తలంపు ఆతనిని మరి విడువలేదు. అప్పటి కాతనికి మట్టిపనియే తెలియదు.

కుండలు కొని పెంకులుగా పగులగొట్టి, ఒక్కొక్క పెంకుపై నొక్కొక్క మిశ్రమమును పూసి, దేనిపై నేది పూసెనో వ్రాసికొని కాల్చుచుండెను. కుమ్మరుల ఆవములకు పంపిన పెంకులపై పూత కరుగలేదు. ఆ వేడిమి చాలదయ్యెను. గాజుకొలుములను ఆశ్రయించి మరి రెండేండ్లు శ్రమించెను. తుదకు మూడువందలకు పైగా పెంకులను పెట్టగా, వానిలో నొక్కటి నాలుగు గంటలలో తెల్లగా, నున్నగా కరగి వచ్చెను.

ఆ సంతోషముతో తన యింటనే కొలిమి కట్టదలచెను. కూలి యిచ్చు శక్తి లేక ఇటుకలు తానే వీపున మోసెను, నీరు తానే తోడెను. ఆరు పగళ్ళు, ఆరు రాత్రులు మంట వేసినను పూత కరుగలేదు. మిశ్రమములో లోపమున్నదని గ్రహించి, మంట ఆరనీయకయే క్రొత్తది నూరెను. ఇంతలో కట్టెలు నిండుకొనెను. తోటలోని గుంజలు కాలెను. పిమ్మట యింటిలోని బల్లలు, నేలపై పరచిన పలకలు కొలిమి పాలయ్యెను. ఇరుగుపొరుగువారు పిచ్చివాడనిరి, దొంగనాణెములు చేయుచున్నాడనియు నిందించిరి.

మరియొక పర్యాయము కొలిమి గోడల సున్నములోని చెకుముకి రాళ్ళు వేడికి పగిలి, ఆ ముక్కలు మెత్తబడిన పూతపై అతుకుకొనెను. చౌకగా కొనుటకు కొందరు సిద్ధపడినను, తన పనికి అపకీర్తి కలుగునని పాలిసీ వానినన్నిటిని పగులగొట్టెను. ఇంటివారు ఆకలితో దూషించిరి. ఆ కీర్తికి మూల్యము ఆతడొక్కడే చెల్లింపలేదు; భార్యాబిడ్డలును చెల్లించిరి.

పదునైదు, పదునారేండ్ల శ్రమలో కొలిమియే ఆతనికి గురువయ్యెను. బూడిద పడకుండ పాత్రలను మట్టిగూళ్ళలో నుంచి కాల్చుట నేర్చెను. ఆకుపచ్చ మాడిపోవు వేడికి తెలుపు కరుగనే కరుగదని తెలిసికొని, రంగులన్నియు నొక్క మంటలో పండునట్లు కుదిర్చెను. చేపలు, పాములు, కప్పలు, గుల్లలు మొదలగువానికి మూసలు తీసి, జీవము తొణికిసలాడు పళ్ళెములను నిర్మించెను.

ప్రొటెస్టెంటు మతస్థుడైనందున చెరపాలైన యాతనిని సేనాధిపతి మోమొరాన్సీ మున్నగు పోషకులు విడిపించిరి. రాజమాత కాథరీన్ పారిస్‌లోని త్విలెరీ రాజభవనమున పని కల్పించెను. ఆతని కొలుములు, మూసల తునుకలు 1980ల త్రవ్వకములలో లూవ్ర్ ప్రాంగణమున బయల్పడినవి. 1575లో పండితులను పిలిచి యుపన్యాసము లిచ్చెను. తన మాట తప్పని నిరూపించినచో ప్రవేశరుసుమునకు నాలుగింతలు తిరిగి యిత్తుననెను. ఊటలకు వాననీరే మూలమనియు, రాళ్ళలోని గుల్లలు ఒకప్పటి జీవులవే యనియు బోధించెను.

1588లో మరల బంధితుడై, మతము విడువనందున బాస్తీల్ చెరసాలలో 1590 ప్రాంతమున మరణించెను.

1580లో ప్రకటించిన గ్రంథమున పాలిసీ తన పూతలోని తగరము, సీసము మొదలగు ద్రవ్యములను పేర్కొనెనే కాని, వాని పాళ్ళను చెప్పలేదు. తన యోటములను మాత్రము దాపరికము లేక వివరించెను. పాళ్ళు ఎవరి కొలిమి వారికి నేర్పవలసినదే. ఓటమి నెట్లు చదువవలెనో నేర్పుటకు మాత్రము ఆ పుస్తకము నేటికిని చాలును. గ్రంథాలయమున చదివినదానిని చేతితో పరీక్షించి చూడగోరు మన యువకులకు ఈ కుమ్మరి జీవితము అనుసరణీయము.