యల్లాప్రగడ సుబ్బారావు

సుబ్బారావుగారు 1895వ సంవత్సరమున భీమవరమున జన్మించిరి. వారిది బీదకుటుంబము. వారి సోదరులిరువురు కొలదిదినముల వ్యవధిలో స్ప్రూ అను ప్రేగుల వ్యాధిచే మరణించిరి. నాడు వైద్యులకు దానికి తగిన మందు తెలియదు. ఆ దుఃఖము వారి మనస్సున చెరగక నిలిచెను.

మదరాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీమహాత్ముని పిలుపు విని వారు ఖద్దరు ధరించిరి. అది ఆంగ్లేయుడగు ఆచార్యునకు ఆగ్రహము కలిగించెను. తుదకు వారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కినది.

అయినను వారు నిరాశ చెందలేదు. 1923లో అమెరికాకేగి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. పొట్టకూటికై ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగిరి. ఆచార్య ఫిస్కెగారితో గూడి 1925లో శరీరద్రవములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1929లో కండరములకు శక్తినొసగు ఏ.టి.పి. అను పదార్థమును వెల్లడించిరి.

1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిన పిమ్మట వారి పాతగాయమునకు మందు దొరకెను. వారి నాయకత్వమున శాస్త్రజ్ఞులు 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. అది స్ప్రూ రోగులకు ప్రాణదానము చేసినది. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాను సయితము ఆ పరిశోధనాలయమునుండియే వెలువడెను.

సుబ్బారావుగారు 1948లో అమెరికాలోనే మరణించిరి. కాని వారి కృషి స్వదేశమునకు చేరినది. గర్భస్థశిశువు మెదడు, వెన్నుపాము చక్కగా ఏర్పడుటకు ఫోలిక్ ఆమ్లము అవసరమని పిమ్మట తెలిసినది. నేడు అనంతపురమువంటి కరవుసీమ పల్లెలలో గర్భిణులకిచ్చు మాత్రలందు ఇనుముతోపాటు అదియు కలదు. తన సోదరులను కాపాడుకొనజాలని ఆ మహనీయుడు ఎందరో తల్లుల బిడ్డలకు రక్షకుడయ్యెను.