కూలీల ఇళ్లకెళ్లి జబ్బు కారణం కనిపెట్టిన డాక్టరమ్మ

ఒంట్లో బాగాలేదని కంపెనీ డాక్టర్ దగ్గరికి వెళ్తే తాగుతావా, చేతులు కడుక్కుని తింటావా అని ముందు అడుగుతారు. ఏ పని చేస్తున్నావు, అక్కడ ఏం పీలుస్తున్నావు అని అడిగేవాళ్లు తక్కువ. మీలో చాలామందికి ఇది అనుభవమే. వందేళ్ల కిందట అమెరికాలో ఆ రెండో ప్రశ్న అడగడమే పనిగా పెట్టుకున్న డాక్టరమ్మ ఒకరు ఉండేవారు. పేరు ఆలిస్ హామిల్టన్.

1869లో న్యూయార్క్‌లో పుట్టారు. ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ ఊళ్లో, కలిగిన ఇంట్లో పెరిగారు. 1893లో మిషిగన్ యూనివర్సిటీలో డాక్టర్ చదువు పూర్తి చేసి, 1897లో చికాగో వచ్చారు. మన మే డే పుట్టిన చికాగోనే. అక్కడ జేన్ ఆడమ్స్ నడిపే హల్ హౌస్‌లో చేరారు. చదువుకున్నవాళ్లు పేదల బస్తీలోనే కాపురముండి, చుట్టూ ఉన్న వలస కుటుంబాలకు సాయపడే చోటు అది. ఆలిస్ అక్కడ పసిపిల్లల క్లినిక్ నడిపారు.

1902లో ఆ బస్తీలో టైఫాయిడ్ పాకింది. ఈగల వల్లే అని ఆలిస్ పరిశోధన చేసి రాస్తే మంచి పేరొచ్చింది. తర్వాత తెలిసిందేంటంటే, పైపు పగిలి మురుగు తాగునీటిలో కలిసింది, నగర ఆరోగ్య శాఖ ఆ సంగతి దాచిపెట్టింది. తన లెక్క తప్పని ఆవిడే తర్వాత చెప్పుకున్నారు. పెద్దవాళ్లలో ఈ గుణం అరుదు.

అసలు పని 1910లో మొదలైంది. ఇల్లినాయిస్ రాష్ట్ర ప్రభుత్వం పనివల్ల వచ్చే జబ్బుల మీద సర్వే చేయించింది. ఆ బాధ్యత ఆలిస్‌కు అప్పగించారు. ఆవిడ సీసం మీద దృష్టి పెట్టారు. పెయింట్లో, పింగాణీలో, బ్యాటరీల్లో అప్పట్లో అంతా సీసమే. అది ఒంట్లోకి చేరితే కడుపులో మెలిపెట్టే నొప్పి, రక్తం తగ్గిపోవడం, మణికట్టు పడిపోయి చెయ్యి లేవకపోవడం. ముదిరితే ఫిట్స్, చావు.

ఫ్యాక్టరీ మేనేజర్లు మా దగ్గర అలాంటి కేసులే లేవనేవాళ్లు. ఒక రకంగా వాళ్ల రికార్డు నిజమే. జబ్బు పడ్డవాడు పని మానేసి పోయేవాడు, అతని చోట కొత్త వలస కూలీ వచ్చేవాడు. మానేసినవాడి పేరు ఏ పుస్తకంలో ఉంటుంది? ఎవరైనా దొరికినా, చేతులు కడుక్కోలేదనీ తాగుబోతనీ అనేవాళ్లు. అందుకే ఆలిస్ ఆస్పత్రి రికార్డులు తిరగేశారు. మందుల షాపులవాళ్లను, యూనియన్ నాయకులను, చర్చి ఫాదర్లను అడిగారు. కూలీల ఇళ్లకెళ్లి ఆడవాళ్లతో మాట్లాడారు. భర్త ఎప్పటి నుంచి తిండి మానేశాడో భార్యకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

ఒకసారి ఆస్పత్రి రికార్డుల్లో పోలండ్ నుంచి వచ్చిన ఒక కూలీ కేసు దొరికింది. స్నానపు తొట్లకు ఎనామిల్ పూత వేసేవాడు, చేతులు పడిపోయాయి. ఫ్యాక్టరీకి వెళ్తే పూత పని చూపించారు, అందులో సీసం జాడే లేదు. ఆలిస్ వదల్లేదు. అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆవిడకు చూపించింది చివర్లో చేసే చిన్న మెరుగులు మాత్రమే. ఎర్రగా కాలిన తొట్టి మీద ఎనామిల్ పొడి చల్లే పని వేరే చోట జరుగుతోంది. ఆ పొడి తెప్పించి పరీక్ష చేయిస్తే 20 శాతం సీసం తేలింది.

నేషనల్ లెడ్ కంపెనీ పెద్ద ఎడ్వర్డ్ కోర్నిష్ కూడా మొదట నమ్మలేదు, రుజువు చూపించమన్నాడు. అదే కంపెనీలో పనిచేసి సీసం విషంతో ఆస్పత్రి పాలైన 22 మంది రికార్డులు ఆలిస్ ముందుపెట్టారు. ఆయన మాట నిలబెట్టుకుని దుమ్ము, పొగ తగ్గించే ఏర్పాట్లు చేయించాడు, డాక్టర్లను పెట్టించాడు. చేతుల మురికి కన్నా ఊపిరితో లోపలికి పోయే దుమ్మే అసలు శత్రువని ఆవిడ గట్టిగా చెప్పారు. 1911లో ఇల్లినాయిస్ చట్టం తెచ్చింది. ప్రమాదకరమైన పనుల్లో రక్షణ ఏర్పాట్లు, నెలనెలా డాక్టర్ పరీక్ష యజమాని బాధ్యత అయ్యాయి.

1919లో హార్వర్డ్ యూనివర్సిటీ పాఠాలు చెప్పడానికి పిలిచింది. అక్కడ టీచర్‌గా చేరిన మొదటి మహిళ ఆవిడే. కానీ షరతులు చూడండి: ఫ్యాకల్టీ క్లబ్బులోకి రాకూడదు, పట్టాల ఊరేగింపులో నడవకూడదు, ఫుట్‌బాల్ టికెట్లు అడగకూడదు. 1935లో రిటైరయ్యేదాకా ప్రమోషన్ కూడా ఇవ్వలేదు.

1925లో పెట్రోల్‌లో సీసం కలపొద్దని వాదించారు. కంపెనీలే గెలిచాయి. మన దేశంలో ఆ పెట్రోల్ ఆగేసరికి 2000 వచ్చింది.

ఆలిస్ 1970 సెప్టెంబర్ 22న, 101 ఏళ్ల వయసులో పోయారు. అదే ఏడాది డిసెంబర్ 29న అమెరికా అంతటికీ వర్తించే కార్మికుల భద్రత, ఆరోగ్య చట్టం మీద సంతకం పడింది. అక్కడ పనిచేసేవాళ్లు మీ ఇంట్లో ఉంటే చెప్పండి: ఆ చట్టం కింద ఓషా అనే ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు చేయొచ్చు, పేరు బయటపెట్టొద్దని కోరొచ్చు, వీసా కాగితాలు ఎలా ఉన్నా ఆ హక్కు ఉంటుంది.