కొమురం భీం జీవితం – మా తాత చెప్పిన వేట పద్ధతి

ఈసారి గోడపత్రికకు ఒక గొప్పవారి జీవితం రాయమని తెలుగు సారు చెప్పిండు. నేను కొమురం భీం గురించి రాస్తున్నాను. ఆయన గోండు, మేము కోయోళ్లం. అయినా ఆయన కథ చదువుతుంటే మా తాతే గుర్తుకు వచ్చిండు. ఎందుకో ముందు చెప్తా.

మా ఊరు ఏటూరునాగారం దిక్కు అడవి అంచున ఉన్నది. మా తాత వయసులో ఉన్నప్పుడు విత్తనాల పండుగకు మగవాళ్లంతా కలిసి వేటకు పోయేవాళ్లు. బాణం తగిలిన జంతువు అక్కడే పడిపోదంట, ఉరుకుతది. ఒక్కోసారి పక్క ఊరి పొలిమేర దాటి పడతది. ఆకుల మీద నెత్తురు చుక్కలు కనబడుతనే ఉంటయి. అయినా వెంట పడి దాటిపోకూడదు. పొలిమేర కాడ ఆగి విల్లు కింద పెట్టాలె. ఒక్క మనిషి వట్టి చేతులతో ఆ ఊరి పెద్దమనిషి దగ్గరికి పోయి, మా వేట మీ దిక్కు వచ్చింది అని చెప్పాలె. ఆ ఊరోళ్లు తోడు వస్తరు, అందరూ కలిసి వెతుకుతరు. చేన్ల పైరు ఉంటే తొక్కకుండా ఒడ్డు మీద నుంచి నడవాలె. దొరికినంక మొదట బాణం తగిలించినోనికి ఒక వాటా, ఆ ఊరికి ఒక వాటా. కుక్కలకు కూడా ఉంటది. ఎంత ఆకలి ఉన్నా, అడగకుండా తెచ్చిన మాంసాన్ని తాత వాళ్ల అమ్మ ఇంట్లోకి రానిచ్చేది కాదంట.

ఇప్పుడు ఆ వేట లేదు. 1972 చట్టం ప్రకారం అడవి జంతువులను చంపుట నేరం. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం కూడా భూమికి, అడవిలో దొరికే వాటికి హక్కు ఇచ్చింది గాని వేటకు ఇయ్యలేదు. తాత విల్లు దూలానికి వేలాడుతున్నది. పండుగనాడు దించి పసుపు పెట్టి మళ్లీ పైన పెడతడు.

కొమురం భీం 1901లో ఆసిఫాబాద్ దగ్గర సంకేపల్లిలో జన్మించెను. తండ్రి చిన్నూ, తల్లి సోంబాయి. ఆ కాలంలో అదంతా నిజాం ప్రభుత్వం కింద ఉండేది. జంగ్లాతోళ్లు వచ్చి అడవిలో హద్దులు పెట్టిండ్రు. హద్దు లోపల పోడు కొట్టొద్దు, కట్టెలు తేవొద్దు, పశువులను మేపితే పన్ను కట్టాలె. ఇది మా తాత చెప్పిన పొలిమేర లాంటిది కాదు. ఆ పొలిమేర అడిగితే తెరుచుకుంటది. ఈ హద్దు అడిగినా తెరుచుకోదు. పైగా దాని లోపల ఉన్నవి ఎన్నో తరాల నుంచి వాళ్లు తిరిగిన చోట్లే.

భీంకు పదిహేనేళ్లు ఉన్నప్పుడు జంగ్లాతోళ్ల దాడిలో తండ్రి చనిపోయినాడని పుస్తకంలో ఉన్నది. అంటే మనకంటే ఒక్క ఏడాది పెద్ద. ఇంటివాళ్లందరూ సర్దాపూర్‌కు వలస పోయి కొత్తగా భూమి సాగు చేసుకున్నరు. అక్కడ సిద్దిక్ అనే ఆయన వచ్చి ఆ భూమి నాది అన్నడు. భీంకు కోపం ఆగలేదు. ఆయన కొట్టిన దెబ్బకు సిద్దిక్ చనిపోయెను. ఇది రాయాలా వద్దా అని నేను రెండు రోజులు ఆలోచించిన. మనిషిని చంపుడు నాకు మంచిగ అనిపించలేదు. కానీ దాచిపెడితే అది ఆయన జీవితం కాదు కదా.

భీం అక్కడినుంచి పారిపోయి చాందా చేరి, ఒక అచ్చాఫీసులో పని చేసుకుంటూ చదువుట, రాయుట నేర్చుకున్నాడంటరు. నాకు ఇదే బాగా నచ్చింది. మా ఇంట్లో చదివేది నేనొక్కదాన్నే, మా అయ్య ఇప్పటికీ వేలిముద్ర వేస్తడు. తరువాత భీం అస్సాం పోయి టీ తోటల్లో సుమారు ఐదేండ్లు కూలి చేసిండు. మళ్లీ తన కొండలకే తిరిగి వచ్చిండు.

వచ్చేసరికి బాధలు అట్లనే ఉన్నయి. జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూర్ మొదలైన పన్నెండు ఊర్లోళ్లు ఆయన వెంట నిలబడ్డరు. నీళ్లు, అడవి, భూమి మాకు కావాలె అన్నరు. అయితే భీం ముందుగాల కొట్లాటకు దిగలేదు. నిజాంకు చెప్పుకుందామని హైదరాబాద్ పోయినాడంట. కలవనియ్యలేదంట. పొలిమేర కాడ విల్లు పెట్టి వట్టి చేతులతో పోయే మనిషి నాకు ఇక్కడ కనబడ్డడు.

అడిగినా వినకపోతే ఏం చెయ్యాలె అని సెలవులకు పోయినప్పుడు తాతను అడిగిన. మా కాలంలో కాదన్న ఊరు లేదు అన్నడు. ఆ మాట అన్న నాలుగు రోజులకే మా కుక్క నల్లోడు ఒక కుందేలు వెంటపడి ఒకాయన చేన్లకు ఉరికింది. అడవిపందులకు ఆయన కరెంటు తీగ కట్టిండు. నల్లోడు అక్కడే చనిపోయింది. అన్న ఒడ్డు దాటబోతుంటే తాత అంగీ పట్టి వెనుకకు గుంజిండు. చేను ఆయనను పిలిచి అడిగి పోదాం అని నిలబెట్టిండు. తాతకు తీగ సంగతి తెల్వదు, అలవాటు కొద్దీ ఆపిండు. ఆయన వచ్చి కరెంటు బందు చేసి నల్లోని బయటికి తెచ్చి ఇచ్చిండు. ఎవ్వరం ఏం మాట్లాడలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

1940లో ఆశ్వయుజ పౌర్ణమి రాత్రి పోలీసులు జోడేఘాట్ గుట్టలు ఎక్కిండ్రు. కుర్దు పటేల్ అనేవాడు జాడ చెప్పిండంటరు. వీళ్ల దగ్గర విల్లులు, బల్లేలు, కొన్ని నాటు తుపాకులు, వాళ్ల దగ్గర పెద్ద తుపాకులు. భీం, ఆయనతో ఉన్న కొందరు గుండ్లు తగిలి చనిపోయిరి.

ఆ తరువాతనే గోండులకు ఎందుకు కోపం వచ్చిందో తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ దొరకు చెప్పింది. ఆయన మార్లవాయిలో ఉండి గోండు పిల్లలకు బడి పెట్టించిండు. 2016లో ఆసిఫాబాద్ జిల్లాకు భీం పేరు పెట్టిండ్రు. ప్రతి ఏటా ఆ పౌర్ణమికి జోడేఘాట్‌లో వర్ధంతి చేస్తరు.

మన హాస్టల్‌లో ఆసిఫాబాద్ దిక్కు అమ్మాయి ఎవరైనా ఉంటే రాత్రి స్టడీ అయినంక నా దగ్గరికి రావాలె. మీ ఊర్ల వేట పొలిమేర దాటితే మీ తాతలు ఏం చేసేటోళ్లో నాకు చెప్పాలె.

– 9వ తరగతి