గేరీ కిల్డాల్ చరిత్రము

చేతబట్టుకొని యాటలాడుకొనదగిన చిన్న కంప్యూటరును గొనువారు దానికి విండోసు తగునా, లినక్సు తగునా యని తర్కించుచుందురు. కోటవురట్లలో మా విద్యార్థులు కొందఱు ఈ ప్రశ్ననే మమ్మడిగిరి. ఒకే యంత్రమునకు ఆపరేటింగు సిస్టమును మన యిచ్చవచ్చినట్లు ఎన్నుకొనగలుగుట యెట్లు సంభవించెనో తెలిసికొన్నచో, ఎన్నుకొను తెలివియు గొంత యలవడును. కావున నీ విషయమున మార్గదర్శియగు గేరీ కిల్డాల్ చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

కిల్డాల్ 1942వ సంవత్సరము మే 19వ తేదీన అమెరికాలోని సియాటిల్ నగరమున జన్మించెను. అతని కుటుంబమువారు నౌకాయాన విద్య గఱపు పాఠశాలను నడుపుచుండిరి. గణితోపాధ్యాయుడు కావలెనని అతడు వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున జేరి, క్రమముగా కంప్యూటరు శాస్త్రమునం దాసక్తుడై, 1972లో డాక్టరు పట్టము నందెను. కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణమున నౌకాదళమువారి విద్యాలయములో బోధకుడుగా బనిచేసెను.

ఆ దినములలో ఇంటెల్ కంపెనీవారి మైక్రోప్రాసెసరులు స్వల్పకార్యములకు మాత్రమే తగునని పలువురు తలచుచుండిరి. వానితో సంపూర్ణమైన కంప్యూటరునే నిర్మింపవచ్చునని కిల్డాల్ గ్రహించెను. 1974లో ఫ్లాపీ డిస్కుపై సమాచారమును వ్రాయుటకును, చదువుటకును సీపీ/ఎం అను సిస్టమును రచించెను. పిమ్మట అతడును, భార్య డొరతీయు పసిఫిక్ గ్రోవ్ అను పట్టణమున డిజిటల్ రీసెర్చి కంపెనీని నడిపిరి.

అప్పట్లో ఒక్కొక్క కంపెనీ యంత్ర మొక్కొక్క రీతిగా నుండెడిది. యంత్రము మారినపుడెల్ల ప్రోగ్రాములను తిరుగ వ్రాయుట గొప్ప శ్రమ. కిల్డాల్ యంత్రముతో నేరుగా సంబంధించిన భాగమును వేఱుచేసి, దానికి బయాస్ అని పేరిడెను. మన నర్సీపట్నమునుండి మన్యమునకు బోవు వర్తకుడు తనకు భాష తెలియని గూడెమున దుబాసిని బెట్టుకొనును. గూడెము మారినచో దుబాసి మారును గాని సరకు మారదు. అట్లే ఒకే జాతి ప్రాసెసరు గల క్రొత్త యంత్రము వచ్చినపుడు బయాసును మార్చిన జాలును. తక్కినది యథాతథముగా బనిచేయును.

1980లో ఐ.బి.ఎం. కంపెనీవారు తమ పర్సనల్ కంప్యూటరునకు సిస్టమును వెదకుచు పసిఫిక్ గ్రోవ్ వచ్చిరి. ఆ యుదయము కిల్డాల్ తన విమానమును నడుపుకొని వేఱొక వ్యాపారకార్యముమీద బోయియుండెను. వచ్చినవారు కోరిన రహస్యరక్షణ పత్రముపై సంతకము చేయుటకు డొరతీ సంశయించెను. తుదకు బేరము కుదరలేదు. కిల్డాల్ ఆకాశవిహారములో మునిగి మహాభాగ్యమును బోగొట్టుకొనెనని లోకులు నవ్వుకొనిరి. కార్యార్థియై పోయినవానిని విలాసపురుషునిగా జేయు ఈ కథ న్యాయమైనది కాదు.

మైక్రోసాఫ్టువారు, సియాటిల్‌లోని మఱియొక కంపెనీ సీపీ/ఎం పద్ధతి ననుసరించి వ్రాసిన సిస్టమును గొని, డాస్ అను పేర ఐ.బి.ఎం.వారి కిచ్చిరి. కిల్డాల్ అభ్యంతరము చెప్పగా, సీపీ/ఎంను గూడ అమ్ముటకు ఐ.బి.ఎం.వా రొప్పుకొనిరి. కాని 1981లో యంత్రము వెలువడినపుడు డాస్ వెల 40 డాలర్లు. మఱుసటి సంవత్సరము వచ్చిన సీపీ/ఎం వెల 240 డాలర్లు. జను లేది కొనిరో వేఱుగ జెప్పనక్కఱలేదు.

అయినను కిల్డాల్ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1985లో ఒక విజ్ఞానసర్వస్వమును సీడీపై కెక్కించుటకు దోడ్పడెను. కంప్యూటరు విషయములను టెలివిజనులో సామాన్యులకు దెలిపెను. 1991లో కంపెనీని నోవెల్‌వారికి విక్రయించెను. 1994 జూలై 11న, తలకు దగిలిన గాయముచే, 52వ యేట మాంటెరేలో మరణించెను. 2014లో పసిఫిక్ గ్రోవ్‌లోని అతని పూర్వకార్యాలయముకడ ఇంజనీర్ల సంఘమువారు స్మారకఫలకమును నెలకొల్పిరి.

ఇక మా విద్యార్థుల ప్రశ్నకు వత్తము. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ లినక్సుపై నాధారపడిన స్టీమ్‌ఓయస్‌తోడను, 2023లో వచ్చిన ఆసుస్ రాగ్ ఆలై విండోసుతోడను వెలువడినవి. విండోసు ఆటలను లినక్సుపై నడుపుటకు 2018నుండి ప్రోటాన్ అను మఱియొక దుబాసి కలదు. కాని మోసగాండ్రను బట్టు కావలి ప్రోగ్రాములుగల కొన్ని జట్టాటలు దాని నంగీకరింపవు. కావున మొదట మీ రాడదలచిన యాటల పట్టిక వ్రాసికొనుడు. అవి రెండింటను నడచినచో, బ్యాటరీ యెంతసేపు నిలుచునో, ఆట నాపి మరల నందుకొనుట యెందు సుకరమో చూడుడు. వెల విచారింపవలసినదే, కాని వెల యొక్కటియే చూచువారు మేలైనదానిని గూడ ఒక్కొక్కప్పుడు విడిచిపెట్టుదురు.

ఒక సిస్టమును తీసి మఱియొకదానిని నిలుపుకొను స్వాతంత్ర్యము నేడు మన చేతిలో నున్నది. బేరమున నోడిన యా యుపాధ్యాయుడు దానికి వేసిన పునాదిని మఱవక యుందుము గాక.