హాన్సు క్రిస్టియను ఆండర్సను

బాతుపిల్లల నడుమ పుట్టి, వికారరూపము గలదని అందరిచేతను తరుమబడి, తుదకు తాను హంసనని తెలిసికొనిన పక్షిపిల్ల కథను మీలో అనేకులు వినియుందురు. అది ఏ అవ్వయో చెప్పిన పాతకథ కాదు. డెన్మార్కు దేశీయుడగు హాన్సు క్రిస్టియను ఆండర్సను దానిని స్వయముగా కల్పించి 1843 వ సంవత్సరమున ప్రకటించెను. ఆ పక్షిపిల్ల పడిన పాట్లలో పెక్కు ఆతడు పడినవే.

ఆండర్సను 1805 వ సంవత్సరము ఏప్రిలు 2 వ తేదీన ఓడెన్సు పట్టణమున జన్మించెను. తండ్రి చెప్పులు కుట్టి జీవించెడివాడు. తల్లి ఏటి చలినీటిలో నిలుచుండి పరుల బట్టలు ఉతికెడిది. ఇల్లు చిన్నదైనను అందు కథలకు కొదువ లేదు. సాయంసమయములందు తండ్రి అరేబియా రాత్రుల కథలను చదివి వినిపించెడివాడు. కుమారుని కొరకు ఒక చిన్న బొమ్మల నాటకశాలను గూడ చేసి యిచ్చెను. 1816 లో ఆ తండ్రి మరణించెను. బాలుడు బొమ్మలకు బట్టలు కుట్టుచు, వానిచే ఆడించుటకు నాటకములు అల్లుకొనుచు కాలము గడపుచుండెను. వీధిలోని పిల్లలు ఆతనిని చూచి నవ్వెడివారు. తాతకు మతిభ్రమ కలిగియుండెను. ఆతడు వీధిలో నడచునపుడు పిల్లలు కేకలు వేయుచు వెంటబడుట చూచి, తనకును ఒకనాడు అట్టి గతి పట్టునేమో యని బాలుడు వణకిపోయెడివాడు. ఈ భయము పెద్దవాడైన పిదపను ఆతనిని వీడలేదు.

తల్లి ఆతనికి దర్జీపని నేర్పింపదలచెను. ఆతడు మాత్రము రాజధానికి పోయి నటుడనయ్యెదనని పట్టుపట్టెను. ఆమె ఏమియు తోచక సోదె చెప్పు ఒక ముదుసలిని పిలిపించెను. ఈ పిల్లవాని గౌరవార్థము ఒకనాడు ఓడెన్సు పట్టణమంతయు దీపములతో వెలుగునని ఆ ముదుసలి చెప్పినదట. తల్లి కన్నీరు కార్చి సమ్మతించినది. సోదెను నమ్ముట మనకు వింతగా తోచవచ్చును గాని, పేదరాలగు ఆ తల్లికి అంతకు మించిన సలహాదారు ఎవరు కలరు?

1819 సెప్టెంబరులో, పదునాలుగేండ్ల ప్రాయమున, ఆండర్సను 13 రిగ్స్‌డాలర్లు మూటగట్టుకొని కోపెన్‌హేగను చేరెను. మంచి గొంతు కలవాడని కొందరు సంగీతము నేర్పింపసాగిరి. కొలది కాలమునకే ఆ గొంతు పగిలిపోయెను. నృత్యము నేర్వబోయెను, అదియు అబ్బలేదు. అంతట నాటకములు వ్రాయ మొదలిడెను. 1822 లో ఒక చిన్న పుస్తకమును వెలువరించి, దానిపై గ్రంథకర్త పేరు విలియం క్రిస్టియను వాల్టరు అని పెట్టుకొనెను. విలియం అనునది షేక్స్పియరు పేరు. వాల్టరు అనునది స్కాటు పేరు. నడుమ ఉన్నది తన పేరు! అక్షరదోషములు లేకుండ నాలుగు వాక్యములు వ్రాయజాలని పదునేడేండ్ల బాలుని సాహసమిది. ఆ పుస్తకమును కొన్నవారు లేరనియే చెప్పవచ్చును.

రాజనాటకశాలవారు ఆతని నాటకములను త్రిప్పి పంపిరి. అయినను అందలి మెరపులను కొన్నిటిని గుర్తించి, ఈ బాలునకు ముందు చదువు కావలెనని నిశ్చయించిరి. ఆ నాటకశాల పాలకులలో ఒకడగు యోనాసు కొలిను రాజుగారితో చెప్పి విద్యార్థి వేతనము ఇప్పించెను. ఆ విధముగా ఆండర్సను స్లాగెల్సె పట్టణమునందలి పాఠశాలలో చేరి, తనకంటె చాల చిన్నవారగు పిల్లల సరసన బల్లపై కూర్చుండెను. అప్పటికే ఆతడు మిక్కిలి పొడగరి.

తరువాతి యైదేండ్లే ఆతని జీవితమున మిక్కిలి కష్టమైన కాలము. ప్రధానోపాధ్యాయుడు గొప్ప పండితుడే గాని, శిష్యులను పరిహసించుటయే బోధనమని తలంచినవాడు. తప్పు చెప్పినపుడెల్ల ఆండర్సనును మందమతి యని అందరియెదుట ఎత్తిపొడిచెడివాడు. ఆండర్సను ఆ మాటలను నమ్మెను. విచారింపవలసిన విషయమిదియే. పరులు తిట్టిన తిట్టు చెవిని సోకి పోవును. దానిని నమ్మినచో అది లోపల నివాస మేర్పరచుకొనును. ఆ దినములలో ఆతడు వ్రాసికొనిన దినచర్యను చూచినచో, ప్రతి పరీక్షకు ముందును తాను తప్పక తప్పిపోవుదునని, రాజుగారి ధనము వృథాయగునని, తన్ను ఆదరించినవారు ఛీకొట్టుదురని వగచిన వగపే కనబడును. పైగా చదువు ముగియువరకు కవిత్వము వ్రాయరాదని పెద్దలు ఆతనిచే మాట తీసికొనియుండిరి.

1826 లో ప్రధానోపాధ్యాయుడు ఎల్సినోరు పట్టణమునకు మారి, ఆండర్సనును తన వెంట తీసికొనిపోయి తన యింటనే ఉంచుకొనెను. షేక్స్పియరు తన హామ్లెట్టు నాటకకథను నడపిన కోట ఆ యూరనే కలదు. షేక్స్పియరు పేరును తలపై పెట్టుకొనిన బాలునకు ఆ కోటనీడలో లభించినవి చలిగదియు, చాలీచాలని తిండియు, ఎడతెగని ఎత్తిపొడుపులును. అయినను అచ్చటనే ఆతడు తన మాటను ఒకసారి జవదాటెను. మరణశయ్యపై నున్న ఒక శిశువు తన తల్లితో పలుకు మాటలను చిన్న గేయముగా వ్రాసెను. ప్రధానోపాధ్యాయుడు దానిని విని పనికిమాలినదని పారవైచెను. కాని ఆ పాఠశాలయందలి యువోపాధ్యాయుడొకడు విద్యార్థి దురవస్థను కొలినునకు తెలియజేసెను. 1827 లో కొలిను ఆతనిని ఆ బడి మాన్పించి రాజధానికి పిలిపించెను. అదే యేట ఆ గేయము పత్రికలో అచ్చుపడి జనుల మన్ననల నందుకొనెను. వ్రాయవలదని కట్టడి చేసిన కాలమున, తనపై తనకు ఏమాత్రము నమ్మకము లేని వేళ వ్రాసిన గేయమది!

ఇక కష్టములు తీరినవని మీరు తలంపవచ్చును. అట్లు జరుగలేదు. 1829 లో ఆతని వినోదయాత్రాగ్రంథ మొకటి చక్కగ అమ్ముడువోయెను. వెంటనే విమర్శకులు ఆతని భాషాదోషములను లెక్కించి నవ్వసాగిరి. 1833 లో ఆతడు విదేశయాత్రకు బయలుదేరి, దారిలో ఎంతో ఆశతో ఒక నాటకకావ్యము పూర్తిచేసి స్వదేశమునకు పంపెను. రోము నగరమున నుండగా తల్లి మరణవార్త వచ్చెను. ఆ దుఃఖము తీరకముందే కొలిను కుమారుడు, ఆతని ప్రాణస్నేహితుడు, వ్రాసిన జాబు చేరెను. కావ్యము బాగుగ లేదనియు, తొందరపాటుతో అతిగా వ్రాయుచున్నాడనియు అందు కఠినముగ నుండెను. శత్రువు మాటకంటె మిత్రుని మాట లోతుగ దిగును. ఆండర్సనునకు జీవితముపైననే విరక్తి పుట్టెను. అదే నగరమున నివసించుచున్న డెన్మార్కు శిల్పి థోర్వాల్సను, తానును ఇట్టి నిందలు పడినవాడే గావున, ఆతనిని చేరదీసి ఊరడించెను.

ఆ రోమునగరముననే, ఆ దుర్దినములందే, ఆండర్సను ఒక నవలను ప్రారంభించి యుండెను. ఇటలీదేశపు పేదబాలుడొకడు గాయకుడై కీర్తి గాంచుట అందలి కథ. సంశయము తీరినపిదప వ్రాయుదమని ఆతడు కలము క్రింద పెట్టలేదు. సంశయముతోడనే పుట వెంట పుట నింపుచు పోయెను. 1835 లో ఆ నవల వెలువడి జర్మనీ దేశమునను పేరు తెచ్చెను.

అదే సంవత్సరము మే నెల 8 వ తేదీన నాలుగు పిల్లల కథలతో ఒక పలుచని పుస్తకము కూడ వెలువడెను. దానిని ఆండర్సను అంతగా లెక్కచేయలేదు. పిల్లల నెదుట కూర్చుండబెట్టుకొని నోటితో చెప్పినట్లే ఆ కథలను వ్రాసెను. విమర్శకులకు అది రుచింపలేదు. వ్రాతకు తగిన భాష కాదనిరి, నీతి లేదనిరి, ఇట్టివి వ్రాసి కాలము వ్యర్థము చేయవలదనిరి. ఒక్క ఎర్స్టెడు మాత్రము వేరుగా తలంచెను. విద్యుత్తునకును అయస్కాంతమునకును గల సంబంధమును 1820 లో కనుగొనిన శాస్త్రజ్ఞుడితడే. నవల ఆండర్సనునకు ప్రసిద్ధి తెచ్చినచో, ఈ కథలు ఆతనిని అమరుని చేయునని ఆయన అభిప్రాయము. సాహిత్యవేత్తలు కానలేనిది శాస్త్రజ్ఞుడు కనుగొనెను!

పిదప ఆండర్సను కీర్తి దేశదేశములకు వ్యాపించెను. రాజులు ఆతనిని విందులకు పిలిచిరి. 1875 ఆగస్టు 4 వ తేదీన మరణించునాటికి ఆతడు నూటయేబదికి పైగా కథలు వ్రాసియుండెను. అయినను బడిలో నాటుకొనిన భయము సమూలముగ తొలగినదని చెప్పుటకు వీలు లేదు. 1857 లో ఇంగ్లండునందు డికెన్సు మహాశయుని యింట అతిథిగా నుండగా, తన క్రొత్త నవలను స్వదేశమున ఎవరో నిందించిరని తెలిసి, యేబది రెండేండ్ల ఆ ప్రఖ్యాతుడు తోటలోని పచ్చికపై బోరగిలబడి ఏడ్చెను. మరల లేచి వ్రాయుటయు మానలేదు.

1867 వ సంవత్సరము డిసెంబరు 6 వ తేదీన ఓడెన్సు పురవాసులు ఆతనికి గౌరవ పౌరసత్వము నొసగిరి. ఆ రాత్రి పట్టణమంతయు దీపములు వెలిగించిరి. కాగడాలు చేతబట్టి జనులు వీధి నిండ నిలిచి ఆతని గౌరవార్థము పాట పాడిరి. ముదుసలి చెప్పిన సోదె నిజమైనది. దానిని చూచుటకు తల్లి లేదు. ఆండర్సను తెరచిన కిటికీకడ నిలుచుండెను. ఆనాడు ఆతనికి దుర్భరమైన పంటిపోటు. లోనికి వీచు మంచుగాలికి అది మరింత హెచ్చుచుండెను. పాటను అచ్చువేసిన కాగితము చేత బట్టుకొని, ఇంక ఎన్ని చరణములు మిగిలియున్నవో యని ఆతడు లెక్కించుకొనుచుండెను.